పొదుపు చేసిన కరెంటుకు ప్రారంభోత్సవాలు ఉండవు

మిత్రులారా, అందరికీ నమస్కారం.

2023 డిసెంబరులో దుబాయ్‌లో జరిగిన కాప్ 28 వాతావరణ సదస్సులో ప్రపంచ దేశాలు రెండు లక్ష్యాలకు కలిపి ఒప్పుకున్నాయి. 2030 కల్లా పునరుత్పాదక విద్యుత్ స్థాపిత సామర్థ్యాన్ని మూడు రెట్లు చేయాలన్నది మొదటిది. ఇంధన పొదుపు ఏటా మెరుగుపడే వేగాన్ని రెట్టింపు చేయాలన్నది రెండోది. అంటే ఏడాదికి సుమారు 2 శాతంగా ఉన్నది 4 శాతానికి చేరాలి. మొదటి లక్ష్యం గురించి రోజూ వార్తలు వింటూనే ఉన్నాం. మరి రెండోది ఎంతవరకు వచ్చింది? అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో మెరుగుదల దాదాపు 1 శాతమే. వేగం పెరగాల్సింది పోయి సగానికి పడిపోయింది. నాకు దీని మీద చాలా దిగులుగా ఉంది. అందుకే ఈ రోజు ఎక్కువ సేపు ఆ రెండో లక్ష్యం గురించే మాట్లాడతాను.

అలాగని సోలార్‌ను తక్కువ చేయడం లేదు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ చూపించిన తొలి సిలికాన్ సోలార్ సెల్, తన మీద పడిన ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే మంచి ప్యానెళ్లు 22, 23 శాతం ఇస్తున్నాయి. ఒక్క సిలికాన్‌తోనే అయితే 29 శాతం దగ్గర సిద్ధాంతపరంగానే గోడ అడ్డం వస్తుంది. ఆ గోడ దాటడానికి సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని పల్చటి పొరగా వేస్తున్నారు. పై పొర నీలం వైపు కాంతిని పట్టుకుంటే, కింది సిలికాన్ ఎరుపు వైపు కాంతిని పట్టుకుంటుంది. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం పెరోవ్‌స్కైట్‌తో తొలి సెల్ చేసినప్పుడు దాని సామర్థ్యం 3.8 శాతం. 2024లో చైనా కంపెనీ లాంగీ చేసిన జంట పొరల సెల్ 34.6 శాతానికి చేరింది. అయితే అది ల్యాబ్‌లో చిన్న ముక్క మీద వచ్చిన అంకె. తేమకూ వేడికీ తట్టుకుని పాతికేళ్లు ఎండలో నిలబడాలంటే ఇంకా చాలా పని మిగిలి ఉంది.

ఇక మోటార్ల సంగతికి వద్దాం. ప్రపంచంలో ఖర్చయ్యే కరెంటులో సగం దాకా మోటార్లే తీసుకుంటున్నాయి. పంపులు, ఫ్యాన్లు, కంప్రెసర్లు, కన్వేయర్లు అన్నీ కలిపి. ఏ ఫ్యాక్టరీలోనైనా పంపుల గదికి వెళ్లి చూడండి. పంపు ఫుల్ స్పీడులో తిరుగుతూ ఉంటుంది, దాని పక్కనే ఉన్న వాల్వు సగం మూసి ఉంటుంది. అన్ని నీళ్లు అక్కర్లేదు కాబట్టి వాల్వు బిగించారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, బ్రేకుతో వేగం అదుపు చేసినట్టన్నమాట. ఆ వాల్వు మీద చెయ్యి పెడితే సన్నగా వణుకుతూ ఉంటుంది. కరెంటుకు కట్టిన డబ్బు అక్కడ చప్పుడుగానూ వేడిగానూ పోతోంది.

దీనికి మందు చాలాకాలంగా ఉంది: మోటారు వేగాన్నే మార్చే డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ. పంపు తీసుకునే పవర్ దాని వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం 20 శాతం తగ్గిస్తే నీళ్లు కూడా 20 శాతమే తగ్గుతాయి, పవర్ మాత్రం సగానికి పడిపోతుంది. 0.8 ని మూడుసార్లు గుణించి చూడండి, 0.512 వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నీళ్లను ఎత్తు మీది ట్యాంకుకు ఎక్కించే చోట ఈ లెక్క పూర్తిగా పని చేయదు. ఆ ఎత్తుకు ఎక్కించడానికి కావాల్సిన ఒత్తిడి వేగం తగ్గించినా తగ్గదు. పైపుల రాపిడే ప్రధానమైన చోట, నీళ్లో గాలో చుట్టూ తిరిగి వచ్చే చోట లాభం ఎక్కువ. ఏసీ ప్లాంట్లలో గాలి తోసే ఫ్యాన్లు అందుకే మొదట చూడాల్సినవి. ఈ తేడా చూసుకోకుండా డ్రైవ్ పెట్టి, ఆదా రాలేదని తిట్టుకునేవాళ్లు ఉన్నారు. తప్పు డ్రైవ్‌ది కాదు.

చివరి చోట మిగిల్చిన యూనిట్ ఎందుకంత విలువైనదో ఒక లెక్క వేసి చూపిస్తాను. బొగ్గులో 100 పాళ్ల వేడి ఉందనుకుందాం. థర్మల్ ప్లాంటులో అందులో 36 పాళ్లు కరెంటు అవుతుంది. లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు దాటేసరికి 33 మిగులుతుంది. మోటారు దాటాక 30, పంపు దాటాక 21. సగం మూసిన వాల్వు మూడో వంతు తినేస్తే 14. ఇరుకు పైపులు, అక్కర్లేని వంపులు ఇంకో సగం తినేస్తే 7. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు, చోటును బట్టి మారతాయి. కానీ వెనక్కి చదవండి: పైపు చివర ఒక పాలు మిగిలిస్తే, అవతల 14 పాళ్ల బొగ్గు వేడి మిగులుతుంది. కొత్త మోటారు కొనే ముందు పైపును లావు చేయండి, వంపులు తీసేయండి అని నేను పదేపదే చెప్పేది ఇందుకే. వాటి తర్వాత చూస్తే కావాల్సిన మోటారే చిన్నదవుతుంది.

వేడి విషయంలోనూ ఇలాంటి మార్పే వస్తోంది. హీటరు ఒక యూనిట్ కరెంటుతో ఒక యూనిట్ వేడి ఇస్తుంది, అంతకు మించి ఇవ్వలేదు. హీట్ పంపు వేడిని పుట్టించదు, బయటి గాలిలోనో నీళ్లలోనో ఉన్న వేడిని లోపలికి మోసుకొస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుతో మూడు, నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. మన ఫ్రిజ్‌లో ఉన్న యంత్రమే ఇది. ఇన్నాళ్లూ ఇళ్లకే పనికొస్తుందనుకున్నది ఇప్పుడు ఆరబెట్టడం, కడగడం లాంటి పనులున్న పరిశ్రమల్లోకీ వస్తోంది. అయితే ఎంత ఎక్కువ ఉష్ణోగ్రత అడిగితే దాని లాభం అంత తగ్గుతుంది. ఉక్కు కొలిమికి ఇది జవాబు కాదు.

బ్యాటరీల గురించి క్లుప్తంగా చెప్తాను. 2010తో పోలిస్తే లిథియం అయాన్ ప్యాకుల ధర దాదాపు 90 శాతం పడిపోయింది. నికెల్, కోబాల్ట్ అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ రకం గ్రిడ్ నిల్వలో ముందుకొచ్చింది, దాని వెనకాలే సోడియం రకం వస్తోంది. దక్షిణ ఆస్ట్రేలియాలో 2017లో మొదలైన హార్న్స్‌డేల్ బ్యాటరీ ఇప్పుడు కరెంటు దాచడంతోపాటు, పాత ప్లాంట్లలో తిరిగే బరువైన టర్బైన్లు గ్రిడ్‌కు ఇచ్చే స్థిరత్వాన్ని కూడా ఇస్తోంది. దాచిన కరెంటులో 85 శాతం పైగా బ్యాటరీ తిరిగి ఇస్తుంది. అదే కరెంటుతో హైడ్రోజన్ చేసి, మళ్లీ కరెంటుగా మారిస్తే మూడో వంతు చేతికొస్తే గొప్ప. కాబట్టి హైడ్రోజన్‌ను ఎరువులకూ ఉక్కుకూ ఉంచుదాం. ఇళ్లు వేడి చేయడానికి కాల్చడం అన్యాయమని నా అభిప్రాయం.

పొదుపు చేస్తే వాడకం పెరుగుతుందన్న వాదన ఒకటుంది. బొగ్గు విషయంలో 1865లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ ఈ మాటన్నారు. అందులో నిజం ఉంది. ఎల్‌ఈడీలు వచ్చాక అక్కర్లేని చోట కూడా దీపాలు పెట్టాం. కానీ రాబోయే గిరాకీ చూడండి. డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్ అవర్లు, అంటే 41,500 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయి, 2030 కల్లా అది రెట్టింపు దాటుతుందని అంచనా. ఏసీలు 2018 నాటి 160 కోట్ల నుంచి 2050కి 560 కోట్లకు చేరతాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. ఆ ఏసీలు ఎలాగూ వస్తాయి. ఎండలు మండుతున్న చోట మనిషికి చల్లదనం వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అవి మంచివి వస్తాయా, నాసిరకంవి వస్తాయా అన్నదే మన చేతిలో ఉంది.

మరి ఇంత లాభమున్న పొదుపు ఎందుకు వెనకబడింది? సోలార్ పార్కుకు ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. తెరిచి పెట్టిన వాల్వుకు ఫొటో ఏముంటుంది? అంతకన్నా పెద్ద కారణం, కొనేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు. బిల్డరు చవక ఏసీ పెడతాడు, అద్దెకున్నవాళ్లు ఏళ్ల తరబడి కడతారు. ఫ్యాక్టరీలో కొనుగోలు విభాగం తక్కువ ధర చూస్తుంది, కరెంటు బిల్లు వేరే విభాగం ఖాతాలో పడుతుంది. రోజంతా నడిచే మోటారుకు దాని జీవితకాలంలో అయ్యే మొత్తం ఖర్చులో కొన్న ధర కొద్ది శాతమే, మిగతాదంతా దాదాపు కరెంటే.

మీలో చాలామంది ముందు ముందు టెండర్లు రాస్తారు, కొటేషన్లు పోలుస్తారు. ఆ పట్టికలో ధర పక్కన ఇంకో గడి పెట్టండి: ఈ యంత్రం పదేళ్లు నడిస్తే కరెంటుకు ఎంత అవుతుంది అని. ఆ గడి నింపని కొటేషన్‌ను వెనక్కి పంపండి.