బ్యాటరీ కొత్తదే, సెల్ఫ్ మాత్రం తిరగదు: పాత డీజిల్ పికప్‌లో కరెంటు లోపం పట్టుకుందాం

నమస్తే అన్నలూ, తమ్ముళ్ళూ. ఈ రోజు షెడ్డుకి ఒక పాత డీజిల్ పికప్ వచ్చింది. దేవరకొండ వైపు తోటల నుంచి బత్తాయి ఎత్తుకుని నల్గొండకీ, అప్పుడప్పుడూ బాటసింగారం మార్కెట్‌కీ తిరిగే బండి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుందట. నలుగురు నెడితే మాత్రం వెంటనే అందుకుంటుందట. ఓనరన్న ఇప్పటికే బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారు దింపించి బ్రష్షులు కూడా వేయించాడు. డబ్బులు పోయాయి గానీ రోగం పోలేదు. ఎందుకంటే ఇంతవరకూ ఈ బండికి ఎవరూ మీటరు పెట్టి చూడలేదు.

మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. ఎమరీ పేపరు, స్పానర్లు దగ్గర పెట్టుకోండి. గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేకు పడిందా చూసుకోండి. బీడీ వెలిగించిన అన్నలు కాస్త అవతలికి జరగండి, బ్యాటరీ లోంచి వచ్చే గ్యాసు అంటుకుంటుంది.

మీటరు డీసీ 20లో పెట్టాను. ఎర్ర ప్రోబ్ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద. 12.5 చూపిస్తోంది. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీకి 12.6 ఉంటే ఫుల్. 12.4 అంటే ముప్పావు వంతు, 12 అంటే పావు వంతే మిగిలినట్టు. మనది బాగానే ఉంది. కానీ ఈ అంకె ఒక్కటే చూసి బ్యాటరీకి సర్టిఫికెట్ ఇవ్వకండి. పని చెప్పనంతసేపూ అందరూ బలవంతులే! లోడు పడ్డప్పుడు ఎంత నిలబడుతుందో చూడాలి.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ కాకుండా సెల్ఫ్ ఒక్కటే తిరగాలి. స్టాప్ నాబ్ ఉన్న బండి అయితే దాన్ని లాగి పట్టుకోండి. డీజిల్ పంపు మీద సోలనాయిడ్ (కరెంటుతో డీజిల్‌ని వదిలే, ఆపే వాల్వు) ఉంటే దాని వైరు పీకండి. తమ్ముడూ, కీ తిప్పు... చాలు చాలు. చూశారా, బ్యాటరీ దగ్గర 11.4 నిలబడింది, కానీ ఇంజన్ మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. ఇక్కడ ఓల్టేజీ తొమ్మిదిన్నర కంటే కిందికి పడిపోయి ఉంటే బ్యాటరీని అనుమానించాలి, లేదా సెల్ఫ్ మోటారే కరెంటు ఎక్కువ తాగుతోందనుకోవాలి. మనకి పడలేదు. అంటే బ్యాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, మోటారుకే అందట్లేదు. దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

ఆ అడ్డు ఎక్కడుందో పట్టుకోవడమే ఈ వీడియోలో అసలు పని. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద పెడుతున్నాను. క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం పోస్టు మీదే. ఎర్రది ఇంజన్ బ్లాకు మీద, పెయింటు లేని చోట గీకి పెట్టాను. తమ్ముడూ, కొట్టు. 1.9! దారి బాగుంటే ఈ రెండు చోట్ల మధ్య ఓల్టేజీ తేడా 0.2 దాటకూడదు. ఉన్న పన్నెండులో దాదాపు రెండు ఓల్ట్‌లు ఎర్త్‌లోనే, అంటే కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారిలోనే పోతున్నాయి. సెల్ఫ్ తిరిగేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి కొంచెం తుప్పు చాలు దాన్ని కూలబెట్టడానికి. అదే తుప్పులోంచి ఒక చిన్న బల్బు మాత్రం హాయిగా వెలుగుతుంది. అందుకే లైట్లు వెలుగుతున్నాయి కదా, ఎర్త్ బాగుందిలే అనుకోవద్దు.

ఎర్ర ప్రోబ్ ఇప్పుడు చాసిస్ మీదికి మార్చాను. కొట్టు. 0.1. అంటే బ్యాటరీ నుంచి చాసిస్ దాకా దారి బాగుంది, చాసిస్ నుంచి ఇంజన్‌కి వెళ్ళే దగ్గరే తెగింది. కెమెరా కిందికి తీసుకురా. గేరుబాక్సు పక్కన, ఇంజన్‌ని చాసిస్‌కి కలిపే అల్లిక పట్టీ కనిపిస్తోందా? పైకి దుమ్ము, ఆయిలు తప్ప ఏమీ కనపడదు. వేలితో ఎత్తితే చూడండి, లగ్గు (బోల్టు పట్టే చివర) దగ్గర పచ్చగా చిలుము పట్టి, పోగులు సగం ఊడిపోయాయి. బ్యాటరీ మైనస్ తీసేసి దీన్ని మారుద్దాం. కొత్త పట్టీ వేసి, రెండు చివరలా లోహం మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు రాసి మళ్ళీ చూస్తే... 0.1. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి: బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి మోటారు మీది లావు బోల్టు దాకా, అర ఓల్టు లోపు ఉండాలి.

ఇంజన్ స్టార్ట్ చేశాం కాబట్టి బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) సంగతి కూడా చూసేద్దాం. హెడ్‌లైట్లు వేసి, కొంచెం రేస్ ఇస్తే బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే కటౌట్, అంటే ఓల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్, పోయింది. బ్యాటరీ నీళ్ళు ఉడికి ఆవిరైపోతాయి, బల్బులు వరసగా మాడతాయి. ఆ నీళ్ళ గురించి ఒక మాట: పోస్తే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. మన నల్గొండ బోరు నీళ్ళ సంగతి ప్రపంచానికే తెలుసు, వాటిని బ్యాటరీకి కూడా పట్టకండి.

12 దగ్గరే ఉండి దిగుతుంటే ఛార్జింగ్ లేదు. అప్పుడు ముందు బెల్టు చూడండి, తర్వాత మీటర్ బోర్డులో ఎర్ర లైటు. కీ ఆన్ చేయగానే అది వెలగాలి. చాలా పాత డైనమోలకి మొదటి కరెంటు ఆ బల్బు లోంచే వెళ్తుంది, బల్బు మాడితే డైనమో లేవకపోవచ్చు. పది రూపాయల బల్బుకి డైనమో మార్చినవాళ్ళు ఉన్నారు. ఇంకొకటి, ఈ పాత పికప్‌లలో చాలావాటికి డైనమో వెనకాలే బ్రేకుల వాక్యూమ్ పంపు ఉంటుంది. దాని సీలు పోతే ఆయిలు డైనమోలోకి దిగి బ్రష్షులు జిడ్డు పడతాయి. బెల్టు తెగితే ఛార్జింగే కాదు, బ్రేకు కూడా రాయిలా గట్టిపడుతుంది. కాబట్టి నడుస్తుండగా ఎర్ర లైటు వెలిగితే 'ఇంటిదాకా పోదాంలే' అనుకోకుండా మెల్లగా పక్కకి ఆపండి. ఛార్జింగ్ చూడ్డానికి నడుస్తున్న ఇంజన్‌లో బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటు మాత్రం మానండి, డైనమో లోపలి డయోడ్లు ఎగిరిపోతాయి.

ఇక ఆగి ఉన్న బండి బ్యాటరీ తాగేస్తోందా అన్నది. ఇంజన్, కీ ఆఫ్. డోర్లన్నీ వేసి, మైనస్ టెర్మినల్ విప్పి, ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మీటరును పోస్టుకీ క్లాంపుకీ మధ్యలో పెట్టాను. ఇలా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు పోతుంది, జాగ్రత్త. ఇలాంటి పాత బండికి 0.05 ఆంపియర్ లోపు ఉండాలి, మనకి 0.6 ఉంది. రోజుకి 14 ఆంపియర్ అవర్లు పైనే. పండక్కి నాలుగు రోజులు ఆపితే 75 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో ముప్పావు వంతు ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతున్నాను, అంకె కదలట్లేదు. అయితే ఫ్యూజు బాక్సుకి బయట ఉన్నదే లాగుతోంది: డైనమో డయోడ్ కావచ్చు, బ్యాటరీ నుంచి డైరెక్ట్‌గా కొట్టించిన వైరు కావచ్చు. ఈ బండికి సీటు వెనక పాటల యాంప్లిఫైయర్ ఉంది. దాని వైరు తీశాను... 0.02కి పడింది. దీనికి కీ లైన్ నుంచి రిలే (కీ ఆన్‌లో ఉంటేనే కరెంటు వదిలే స్విచ్చు) పెట్టి, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు వేసి ఇస్తాను. అప్పుడు కీ తీస్తే పాటలు కూడా ఆగుతాయి. ఓనరన్నకి అదొక్కటే బాధ.