గండిపేటలో ఆ ఖాళీ ఎందుకు?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంత దూరం వచ్చారు, పిల్లల్ని కూడా వెంట తెచ్చారు. చాలా సంతోషం. వెనక ఉన్నవాళ్లకు వినపడుతోందా? గాలి జోరుగా ఉంది, కొంచెం దగ్గరికి జరగండి.

ఇందాక టీ బండి దగ్గర ఒక పాప వాళ్ల నాన్నను అడుగుతోంది: "నాన్నా, ఇన్ని వానలు పడ్డాయి కదా, చెరువు ఇంకా ఎందుకు నిండలేదు?" ఆ పాప ఇక్కడే ఎక్కడో ఉంటుంది. తల్లీ, నేను రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి నీ ప్రశ్నకే జవాబు చెబుతాను. మనమంతా ఇక్కడికి నిండు నీళ్లు చూడటానికి వస్తాం. కానీ ఈ ఆనకట్టను తలపెట్టింది నీళ్లు నిలవ చేయడానికి మాత్రమే కాదు. వరద వచ్చినప్పుడు దాన్ని పట్టి ఆపడానికి కొంత ఖాళీ జాగా కావాలి. వానాకాలంలో హైదరాబాద్‌కు కాపలా కాసేది ఆ జాగాయే.

ఎందుకంటే, 1908 సెప్టెంబరు 28. ఆ రోజు మూసీ ఊరి మీద పడింది. శంషాబాద్ వైపు రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాల వాన కురిసింది. పైన ఉన్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. ఒక చెరువుకు గండి పడితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, దాని కట్ట కూడా ఆగదు. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 అలా తెగిపోయాయని తర్వాత లెక్క తేల్చారు. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, పురానాపూల్ ఒక్కటే నిలబడింది. 15 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది, చాలామంది చూసే ఉంటారు. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారు. పిల్లల్ని ఒకసారి ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఊళ్లో నది ఒడ్డున గోడలు లేపితే చాలదని, వరదను ఊరికి పైనే ఆపాలని ఆయన చెప్పారు. అలా మూసీ మీద ఈ ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. మనం గండిపేట అని పిలుచుకునేది దీన్నే. పక్కన ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయింది. రెండు నదులూ కింద లంగర్‌హౌజ్ దగ్గర, బాపూఘాట్ పక్కన కలుస్తాయి. అంటే నగరంలోకి వచ్చే వరదకు ఇవి రెండు తలుపులు.

ఇప్పుడు చిన్న లెక్క. ఇంజనీరింగ్ పిల్లలు సరిచూడండి. గండిపేట పూర్తి మట్టం 1790 అడుగులు, నిలవ 3.9 టీఎంసీలు. హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు, దాదాపు 2.97 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు. పైనుంచి 30 వేల క్యూసెక్కులు వస్తున్నాయనుకోండి. చెరువు నిండుగా ఉంటే ఆ 30 వేలూ వచ్చినవి వచ్చినట్టే కిందికి వదలాలి, వేరే దారి లేదు. అదే ఒక టీఎంసీ ఖాళీ ఉంచామనుకోండి. 10 వేలు వదులుతూ 20 వేలు లోపల పట్టుకోవచ్చు. ఎంతసేపు? దాదాపు 14 గంటలు. ఆ 14 గంటల్లో మూసారాంబాగ్‌లో, చాదర్‌ఘాట్‌లో నది ఒడ్డున ఉండే అమ్మ గ్యాస్ సిలిండరు, పిల్లల పుస్తకాలు, రేషన్ బియ్యం పైకి చేర్చుకుంటుంది. ఖాళీ జాగాకు విలువ కట్టమంటే నేను ఆ 14 గంటలనే చూపిస్తాను.

మరి మనం ఏం చేస్తున్నాం? ఈ చెరువు నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వాలు మీదే పారుతూ వెళ్లేలా ఏర్పాటు చేశారు, పంపులు తిప్పే పని లేకుండా. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! దశాబ్దాలు ఊరు ఈ నీళ్లు తాగింది. "గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడు" అనే మాట ఊరికే పుట్టలేదు. అందుకే నిండితే మనకు సంబరం. నిండకపోతే వేసవిలో టెన్షన్. ఆ భయం న్యాయమైనదే, నేను కాదనను. కానీ మంజీరా, కృష్ణ, గోదావరి నీళ్లు నగరానికి వచ్చాక కూడా సెప్టెంబరులో నిండుగా కనిపించాలని పట్టుబట్టడం సరికాదు. అంచు దాకా నింపుకుని కూర్చుంటే పెద్ద వాన పడిన రాత్రి మన చేతుల్లో ఏమీ మిగలదు. 2025 సెప్టెంబరు చివర్లో రెండు చెరువుల గేట్లూ ఎత్తాక మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి మూసీ నీళ్లు వచ్చాయి. ప్రయాణికులను రాత్రి వేళ బయటికి తేవాల్సి వచ్చింది. 1908 వరద వచ్చిన నెల, చివరి వారం కూడా అదే. వానలు తగ్గే నెల అని మనం అనుకునే సెప్టెంబరు మూసీకి అసలు పరీక్ష.

ఇక ఆనకట్ట ఆరోగ్యం. నేను గేట్ల పనిలో ముప్పై ఏళ్లు ఉన్నాను. కొత్తలో నాకు పని నేర్పింది పుస్తకాలు కాదు, ఒక లస్కర్, అంటే కట్టనూ గేట్లనూ రోజూ చూసుకునే కింది ఉద్యోగి. ఆయన రోజూ కట్ట కింద ఊట వచ్చే చోట గాజు సీసాలో నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూసేవాడు. "సారూ, ఊట వస్తే భయం లేదు. తేటగా వస్తోందా, మట్టితో వస్తోందా అన్నదే చూడాలి" అనేవాడు. ఏ కట్టకైనా కొంత ఊట ఉంటుంది. మట్టి రంగు తిరిగిందంటే లోపల కట్ట కొద్దికొద్దిగా కరిగి బయటికి వస్తోందని అర్థం. ఇప్పుడు పరికరాలు వచ్చాయి, కానీ రోజూ నడిచి చూసే ఆ కళ్లకు బదులు లేదని ఈ వయసులో కూడా నమ్ముతున్నాను. రాతి గోడ సందుల్లో మొలిచే రావి మొక్కను చూసి ముచ్చటపడకండి. దాని వేరు లోపలికి దిగి సున్నపు గచ్చును చీలుస్తుంది. మట్టి కట్టలో ఎలుక కలుగు, చెదపుట్ట కూడా అలాంటివే. చిన్నగా ఉన్నప్పుడే తీసేయాలి.

గేట్ల సంగతి తుంగభద్ర నేర్పింది. 2024 ఆగస్టు 10 రాత్రి, డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు, 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యామ్‌కు అప్పటికి డెబ్బై ఏళ్లు. గేట్ల నిపుణుడు మన కన్నయ్యనాయుడు గారి సలహాతో, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్, అంటే గేటుకు బదులు అడ్డంగా దించే ఇనుప పలకలు, దించి ఆ ఖాళీని మూశారు. అది సాహసం, చేతులెత్తి మొక్కాలి. కానీ గొలుసు, తీగ తాడు, రబ్బరు సీలు, గ్రీజు లాంటివి ఎండాకాలంలోనే చూసుకుంటే అలాంటి సాహసాల అవసరం తగ్గుతుంది. నేను పనిచేసిన ఒక చోట గేటు బిగిసిపోయి, వరద రాత్రి ఆరుగురం చేత్తో హ్యాండిల్ తిప్పాం. తెల్లారేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ రాత్రి మాకు కావలసింది ఏప్రిల్‌లో పెట్టి ఉండాల్సిన గ్రీజు, అంతే.

2021లో వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయాలి, ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ తయారు చేయాలి. ఆ ప్లాన్ బీరువాలో ఉంటే లాభం లేదు. కింది బస్తీల్లో గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలి: సైరన్ మోగితే ఎటు నడవాలి, ఏ బడిలో చేరాలి.

విహారానికి వచ్చే మనకూ ఇందులో భాగముంది. నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి, మీరు రావడం మానమని చెప్పడం లేదు. సాగర్ మహల్ వైపు నుంచి సూర్యాస్తమయం చూస్తూ పెరిగినవాణ్ణి. మా నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తెచ్చేవారు, మొక్కజొన్న పొత్తు కొనిచ్చేవారు. జనం వచ్చి చూసుకునే చెరువునే జనం కాపాడతారు. 2022లో ఇక్కడ పార్కు తెరిచినప్పుడు నేను సంతోషించాను. కూర్చోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి అలాంటి చోటు ఉంటే గోడ మీదికి ఎక్కే అవసరం రాదు.

కానీ నీళ్లలోకి దిగకండి. తమ్ముళ్లూ, మీకే ప్రత్యేకంగా చెబుతున్నాను. పైకి నిశ్చలంగా కనిపిస్తుంది. అడుగున బురద, తవ్విన గుంతలు, ఒక్కసారిగా లోతు. ఈత వచ్చినవాళ్లకూ బురదలో కాలు ఇరుక్కుంటే ఈత పనికిరాదు. గేట్లు ఎత్తిన రోజు మంచిరేవుల, నార్సింగి రోడ్డు మీదికి నీళ్లు వస్తాయి. ఫోటో కోసం ఆ నీళ్ల అంచుకు వెళ్లి నిలబడటం, బారికేడ్ తప్పించి బండి పోనివ్వడం వద్దు.

చుట్టూ కట్టడాల గురించి రెండు మాటలు. 1996 మార్చిలో జీవో 111 వచ్చి, 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. ఆ ఊళ్ల రైతుల బాధ నిజమే, పక్క ఊరి భూమి కోట్లు పలుకుతుంటే తమది అలాగే ఉండిపోయింది. వాళ్లకు పరిహారపు దారి చూపాలి. అయితే పైన కాంక్రీటు పెరిగితే వాన ఇంకకుండా గంటల్లో ఇక్కడికి చేరుతుంది. ఇందాక చెప్పిన 14 గంటలు తగ్గిపోతాయి. 1790 అడుగుల మట్టం లోపల గోడ కడితే చెరువు జాగానే తగ్గుతుంది. ఫామ్‌హౌస్ ఎంత అందంగా ఉన్నా నేను దానికి ఒప్పుకోను.

అధికారులకు నాది ఒక్క అభ్యర్థన. ఇక్కడికి వచ్చే ప్రతి ఒక్కరికీ కనపడేలా పెద్ద బోర్డు పెట్టండి. ఈ రోజు మట్టం ఎంత, వచ్చే నీళ్లు ఎంత, పోయే నీళ్లు ఎంత, ఖాళీ ఎంత. పార్కు టికెట్ కొన్నంత తేలిగ్గా ఆ నాలుగు అంకెలు చదువుకోవాలి.

ఇక లేద్దాం. మట్టం గుర్తులు దూరం నుంచి కనపడే చోటు దాకా నడుద్దాం. పాపా, నువ్వు ముందు నడు, అంకె నువ్వే చదివి చెప్పు. 1790లోంచి దాన్ని తీసేస్తే నీ ప్రశ్నకు ఈ రోజు జవాబు వస్తుంది. పెద్దవాళ్లు పిల్లల చేతులు పట్టుకోండి, రెయిలింగ్ దాటి ఎవరూ వెళ్లొద్దు.