ముగ్గు పోసేటప్పుడే అడగాలి

శ్రోతలకు నమస్కారం.

మొన్న పక్క ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు మంజూరైన ఒకరి ఇంటికి ముగ్గు పోస్తుంటే చూడటానికి వెళ్లాను. కట్టబోయే జాగాలో సున్నంతో గీతలు గీసి, ఇది హాలు, ఇది వంటిల్లు అని చూపిస్తారు కదా, ఆ ముగ్గు. మేస్త్రీ తాడు లాగి కట్టి, గుప్పిట్లోంచి సున్నం వదులుకుంటూ పోయాడు. గీతలు అయిపోయాక ఆ ఇంటి పెద్దావిడ చెప్పులు విడిచి వంటింటి గీతల మధ్యలోకి వెళ్లి కూర్చుంది. పీట మీద కూర్చున్నట్టే కూర్చుని చేతులు రెండూ అటూ ఇటూ చాపి చూసుకుంది. "తలుపు ఇక్కడ పెడితే పొగంతా పిల్ల చదువుకునే గదిలకే పోతది. జర అటు జరుపు బిడ్డా" అంది. మేస్త్రీ కాలితో గీత చెరిపి మూరెడు అవతల మళ్లీ గీశాడు. పిడికెడు సున్నం ఖర్చయింది, అంతే. అదే మాట గోడ లేచాక అని ఉంటే గునపంతో పని పడేది.

సొంత జాగాలో కట్టుకునే వాళ్లకు ఈ అవకాశం ఉంది. మరి సర్కారు కట్టి ఇచ్చే ఇళ్లలో, వందల వేల కుటుంబాలుండే బ్లాకుల్లో, ఆ సున్నం గీతల మధ్యలో ఎవరు కూర్చుంటున్నారు?

సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఒక్కచోట కట్టారు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు, హాలు, వంటిల్లు. ఇన్నాళ్లూ రేకుల కింద బతికిన కుటుంబానికి అది ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ డ్రా తీసి ఇళ్లిచ్చినప్పుడు బస్తీలో ఇరవై ఏళ్లు పక్కపక్కనే ఉన్న ఇరుగు ఒక దిక్కు, పొరుగు ఒక దిక్కు అవుతారు. పనికి పోయేటప్పుడు చంటిదాన్ని ఎవరి ఒళ్లో పెట్టి పోవాలి? తెల్లారి ఆరింటికల్లా సిటీలో నాలుగిళ్ల పాచిపని అందుకోవాల్సిన ఆడమనిషి శివారు నుంచి ఏ బస్సు పట్టుకోవాలి? ఇల్లు వచ్చిందన్న సంతోషం, పని పోతుందన్న దిగులు ఒకే మనిషిలో ఉంటాయి.

సికింద్రాబాద్ న్యూ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో ఇంకో దారి తొక్కారు. పాత ఇళ్లు తీసేసి ఉన్నచోటే 396 ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. బడి, పని, ఇరుగుపొరుగు అన్నీ దగ్గరే. నా మనసు ఈ దారికే మొగ్గుతుంది. ఇక్కడైనా జనం ఊరికే ఒప్పుకోరు. పాత ఇల్లు ఖాళీ చేయమనగానే "మేం కదలం" అంటారు. దాన్ని మొండితనం అనుకోవడం తొందరపాటు. ఆ ఒక్క మాటలో బోలెడు ప్రశ్నలుంటాయి. కట్టేదాకా అద్దె ఎవరు కడతారు, పట్టా ఎవరి పేరున ఇస్తారు, మోకాళ్ల నొప్పుల ముసలాయనకు కింది అంతస్తు దొరుకుతుందా, మూలనున్న పోచమ్మ గుడి ఏమవుతుంది? వీటికి కాగితం మీద జవాబు రాసిస్తే ఆ కోపంలో సగం అక్కడే చల్లారుతుంది.

2025 జనవరిలో తెలంగాణ ఊరూరా జరిగిన గ్రామసభలు గుర్తున్నాయి కదా. ఇందిరమ్మ ఇళ్ల లాంటి పథకాల కోసం సర్కారు ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నది అంతకు ఏడాది ముందు. ఏడాది ఎదురుచూసిన వాళ్లు జాబితాలో తమ పేరు వినపడకపోతే గొంతెత్తరా? చాలాచోట్ల సభలు రచ్చరచ్చ అయ్యాయి. ఆ రచ్చ చూసి సభలే దండగ అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పేర్లు పదిమందిలో చదివితేనే బంగళా ఉన్నవాడి పేరు బయటపడుతుంది. ఉపాధి హామీ పనుల మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, 2006 నుంచి ఊరి మధ్యలో చదివి సామాజిక తనిఖీ చేసిన నేల మనది. లోపమల్లా ఏమిటంటే, జాబితా తయారయ్యాక పిలిచారు. ఎవరికి ముందు ఇవ్వాలన్న లెక్క కట్టేటప్పుడే పిలిచి ఉంటే, ఒంటరి ఆడవాళ్ల గురించి, కూలిన గోడల గురించి ఊరే చెప్పి ఉండేది.

అలాగని జనం అన్న ప్రతి మాటకూ తలూపాలని కాదు. పేదల ఇళ్లు మా కాలనీ పక్కన వద్దనే వాళ్లూ ఉంటారు. నీళ్లు చాలవు, మురుగు కాలువ పొంగుతుంది అంటే ఇంజినీరు కూర్చుని లెక్క చూపించాలి. పేదవాళ్లే వద్దంటే మాత్రం ఆ మాట అక్కడే కాదనాలి.

మీ బస్తీలో రేపు ఇళ్ల పథకం వస్తే ఒక్కటి అడగండి. నక్షా గోడకు అంటించి వెళ్లిపోవద్దనండి. మనలో చాలామందికి ఆ నీలిగీతలు అర్థం కావు. బడి మైదానంలో ఒక ఇంటిని అసలు కొలతలతో సున్నం పోసి గీయమనండి. కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చేలా సాయంత్రం ఆరు తర్వాత పిలవమనండి. ఆ గీతల్లో మంచం వేసి, బీరువా పెట్టి, బియ్యం డబ్బా ఎక్కడ పడుతుందో ఆడవాళ్లు కూర్చుని చూసి చెప్పేదాకా టెండరు పిలవొద్దనండి.

నమస్కారం.