నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు

శ్రోతలకు నమస్కారం.

నలభై అయిదేళ్ల మనిషి. రైతు బిడ్డ. పగలు ఫ్యాక్టరీలో పని, డ్యూటీ దిగాక పొలంలో పని. తెల్లారేసరికి ఆ మనిషి లేడు. గుండెపోటు. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడండీ" అంటారు వచ్చినవాళ్లంతా. నిజంగా బాగానే ఉన్నాడా?

కొన్నాళ్లు గడిచి, ఏడుపు కాస్త సర్దుకున్నాక, ఇల్లాలికి ఒక్కొక్కటే గుర్తొస్తాయి. నాలుగు రోజులుగా బస్తా ఎత్తితే ఆయాసపడ్డాడు. ఆ రాత్రి ఛాతీ మీద బరువు పెట్టినట్టుందన్నాడు. ఎడమ చెయ్యి, దవడ లాగుతున్నాయన్నాడు. చల్లటి వేళ చొక్కా తడిసి ముద్దయింది. గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నాడు. "కాసేపు నడుం వాల్చు" అంటే, "నీళ్లు కట్టి వస్తా" అని మోటారు దగ్గరికి వెళ్లాడు.

అలాంటి మనిషికి నొప్పి చెప్పుకునే అలవాటు ఉండదు. సెలవు పెడితే జీతం పోతుంది, పొలం మానితే పంట పోతుంది. ఒంట్లో బాగోలేదని పడుకోవడం ఆయనకు సిగ్గుగా కూడా ఉంటుంది. ఈ సిగ్గు ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడితే వచ్చేది గుండెపోటు. అడ్డు తొలగేదాకా ఆ కండరం చచ్చిపోతూనే ఉంటుంది. అందుకే గడ్డను కరిగించే మందు ఇచ్చినా, నాళాన్ని తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా స్టెంటు అనే చిన్న జాలీ గొట్టం వేసినా, మొదటి గంటల్లో చేస్తేనే ఫలితం ఎక్కువ. ఆసుపత్రికి చేరిన 10 నిమిషాల్లో ఇసిజి, అంటే గుండె కొట్టుకునే తీరు చూపే పరీక్ష, తీయాలన్నది వైద్యులు పాటించే నియమం. మధుమేహం ఉన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమట, వాంతి వచ్చినట్టుండటం, అంతు తెలియని నీరసం, ఇవే కనిపించవచ్చు.

ఒక్క హెచ్చరికా లేకుండా ఆగిపోయే గుండెలూ ఉన్నాయి. గుర్తించలేకపోయామని కుమిలిపోతున్న కుటుంబాలు ఈ మాట దయచేసి వినాలి. ఆ తప్పు మీది కాదు.

ఇక కళ్ల ముందే మనిషి కుప్పకూలితే? పిలిచినా పలకడు, ఊపిరి మామూలుగా ఆడదు. అప్పుడప్పుడూ ఎగశ్వాసలా నోరు తెరుస్తాడు. దాన్ని చూసి "ఊపిరి ఉంది" అనుకుని చాలామంది ఆగిపోతారు. ఆగకూడదు. అది గుండె ఆగిపోయిన మనిషిలో కూడా కనిపించే గుర్తు. నోట్లో నీళ్లు పోయవద్దు. ఒకరు అంబులెన్సుకు ఫోను చేస్తుండగానే ఇంకొకరు ఆయన్ని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో మణికట్టు పక్కనుండే అరచేతి గట్టి భాగం ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా లోతు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఏ సాయమూ అందకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం ఇంచుమించు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఛాతీని పైనుంచి నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు, పరిశోధకులు 1960లోనే ప్రకటించారు. ఇన్నేళ్లయినా కలిసి పనిచేసే పదిమందిలో ఒక్కరికైనా ఇది చేతకాకపోవడం నాకు మింగుడుపడదు. పనిచోట యజమానులు ఒక పూట కేటాయించి నేర్పించవచ్చు. ఎముక విరుగుతుందేమోనని భయపడవద్దు. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

పని చేసుకుంటూ ఈ ప్రసంగం వింటున్న అన్నలారా, ఛాతీలో అలాంటి బరువు మీకు ఇప్పుడు ఉంటే పని అక్కడే ఆపేయండి. పక్కనున్నవారికి చెప్పండి, అంబులెన్సును పిలిపించుకోండి. బండి మాత్రం మీరు నడపవద్దు.