తాడు మీద ఆరిన కరెంటు బిల్లులు

వేదిక మీది పెద్దలకు, బస్తీ సంఘం వాళ్లకు, ఎదురుగా చాపల మీద కూర్చున్న అక్కలకు, చెల్లెళ్లకు, చోటు చాలక గుమ్మం బయట నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. మన పఠనాలయం తెరుస్తున్నాం కాబట్టి పుస్తకాల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొని వచ్చాను కూడా. కానీ లోపలికి వస్తూ ఆ మూల కొత్త ఇనుప బీరువాను చూశాను. అప్పటి నుంచి మనసు పుస్తకాల మీద లేదు. మా అమ్మ సంచి గురించి మాట్లాడతాను, మన్నించండి.

మా బాపు ఆజంజాహీ బట్టల మిల్లు కార్మికుడు. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు ఈ వరంగల్ నగరంలో ఎన్ని పొయ్యిలు వెలిగించిందో ఇక్కడున్న ముసలివాళ్లను అడగండి. అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చి గుడిసె వేసుకున్నాం. అమ్మ ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. రాత్రి అన్నం కలిపేటప్పుడు వేళ్లు మండుతాయని మా చిన్నదానికి చెంచాతో తినిపించేది.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. అప్పట్లో వీధి మొత్తానికి ఒకటే నల్లా. అమ్మ తెల్లవారకముందే బిందెను వరుసలో పెట్టి పనికి వెళ్లిపోయేది. నీళ్లు వచ్చే వేళకు ఆమె ఉండేది కాదు. వెనకున్న వాళ్లు తమ బిందెతో పాటు అమ్మ బిందెనూ ముందుకు జరిపేవారు, నింపి మా గడపలో దింపేవారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. మన వీధిలో అంతకు మించిన రుజువు ఎవరూ అడగలేదు.

ఆఫీసులో అడిగారు. 2014 డిసెంబరులో 58వ నంబరు జీవో వచ్చింది. ఆ ఏడాది జూన్ 2 నాటికి ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకొని ఉన్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామన్నారు. ఉంటున్నట్టు ఆధారం చూపాలి. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఏదో ఒకటి. జీవో రాకముందు నుంచే అమ్మ వాటిని దాస్తోంది. అక్షరం రాని మనిషి, ఒక్క కాగితం పారేయలేదు. ఎరువుల సంచిని కత్తిరించి కుట్టిన చేతిసంచి, అందులో ఏడాదికో కట్ట, ప్రతి కట్టకూ చీర అంచు పీలిక.

2020 ఆగస్టులో బొందివాగు పొంగి మన వీధుల్లోకి వచ్చిన రాత్రి మీకు నేను గుర్తు చేయాలా? నడుము లోతు నీళ్లు. బియ్యం డబ్బా తేలిపోతోంది. అమ్మ దాని వైపు చూడలేదు. సంచిని నెత్తిన పెట్టుకొని గోడ పట్టుకొని బయటికి వచ్చింది. వాకిట్లో కాలు జారింది. ఒక్కసారి మునిగి లేచింది, సంచీ మునిగింది.

నీళ్లు తీశాక అందరూ దుప్పట్లు ఆరేస్తుంటే అమ్మ బిల్లులు ఆరేసింది. తాడు మీద ఒక్కొక్కటిగా, చీరలకు పెట్టే క్లిప్పులతో. పక్కింటి పిల్లలు విసనకర్రలతో విసిరారు. పాత రసీదుల మీద సిరా నీలంగా పాకింది. మిషన్ బిల్లులైతే తెల్లకాగితాలే. అవి తడవకపోయినా ఏడాది తిరగకుండా వెలిసిపోతాయి. దయచేసి వినండి, బిల్లు చేతికి రాగానే జిరాక్స్ తీయించండి. మళ్లీ చెబుతున్నాను, జిరాక్స్ తీయించండి.

తరువాత మళ్లీ దరఖాస్తులు తీసుకున్నప్పుడు అమ్మ ఆ సంచితో వెళ్లింది. అధికారి ఒక కాగితం వెలుతురుకు పట్టి చూసి, "ఏమీ కనిపించడం లేదమ్మా, ఇంకో ఆధారం తెచ్చుకో" అన్నారు. అమ్మ తన చేతులు చూపించింది, నేను పక్కనే ఉన్నాను. ఆ చేతుల్ని ఏ గడిలో రాసుకోవాలో ఆయనకు తెలియలేదు. 2023 జూలైలో వాగు మళ్లీ వచ్చింది. అమ్మ పోయి ఇప్పటికి ఏడాదైంది. పట్టా రాలేదు.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నేలది అని కాగితం మీద ముద్ర పడింది. సంతోషించాను, నిజంగా సంతోషించాను, మన రైతు కష్టం అది. ఆ కాయలకు తొడిమలు తీసిన అమ్మలకు కూడా ఈ నేలవాళ్లేనని ఒక కాగితం ఇవ్వమని అడుగుతున్నాను. లెక్కల్లో మనల్ని మురికివాడ అని రాస్తారు. అరవై, డెబ్బై ఇళ్లు ఇరుకుగా, సౌకర్యాలు లేకుండా ఉంటే ఆ పేరు పెడతారట. మురికి వాగులో పైనుంచి వస్తోంది. వాడ మనది. మురికివాడ అనే మాట మీరు ఎవరి ముందూ అనకండి.

సంఘం వాళ్లను ఒకటి అడుగుతాను, కాదనకండి. ఆ బీరువాలో కింది అరలు పుస్తకాలకు ఉంచండి. నీళ్లు అందని పై అర మాత్రం బస్తీ కాగితాలకు ఇవ్వండి. వచ్చే ఆదివారం ఇంటింటివీ తెచ్చుకోండి. పేరు రాసి ప్లాస్టిక్ కవర్లలో వేసే పని నేను, మా అమ్మాయి చేస్తాం. అమ్మ సంచి ఈ రోజే తెచ్చాను, ఇదిగో. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?