అడగాలంటే పెంట దాకా పోవాలి

అందరికీ నమస్కారం. అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండల నుంచి పొద్దున్నే బస్సెక్కి మహబూబ్‌నగర్ దాకా వచ్చిన అన్నలకు, అక్కలకు ముందుగా దండాలు.

భూమి హక్కుల చట్టాలు చేసేటప్పుడు ఆదివాసులను సంప్రదించడం గురించి మాట్లాడమన్నారు. చట్టాల్లోకి పోయే ముందు ఒక సంగతి చెప్తాను. అటవీ హక్కుల ఫారాలు నింపడానికి సాయంగా నల్లమలలో తిరుగుతున్న రోజుల్లో ఒక చెంచు పెంటలో, అంటే అడవిలో చెంచులుండే చిన్న ఊళ్ళో, చీకటిపడేదాకా కూర్చున్నాను. ఒక పెద్దవ్వ వచ్చి ఎడమచేతి బొటనవేలు చూపించింది. సిరా మరక ఇంకా ఆరలేదు. "పొద్దున సార్లు వచ్చి నిశాని ఏయించుకున్నరు బిడ్డా. దేనికి అనడిగితే, నీ మంచికే అన్నరు. ఆ మంచి ఏందో నీకేమన్న ఎరికేనా?" అనింది. ఆ రిజిస్టరులో ఏం రాశారో నాకూ తెలియదు. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

ఆ రిజిస్టరు ఏ ఆఫీసు బీరువాలో ఉందో గానీ, అందులో ఆ పెంటను 'సంప్రదించినట్టు' ఉండే ఉంటుంది. ఈ పూట నేను మాట్లాడేది ఆ మాట గురించే.

సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. 1996లో వచ్చిన పెసా చట్టం, అంటే పంచాయతీ పాలనను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన చట్టం, ఆ ప్రాంతంలో (గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన చోట, మనం ఏజెన్సీ అనేదానిలో) ప్రాజెక్టుల కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని చెప్పింది. అంటే అడగాలి, అంతే. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. వన్యప్రాణుల కోసం కీలకమని గుర్తించిన చోటు నుంచి జనాన్ని కదిలించాలంటే గ్రామసభ విషయమంతా తెలుసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలంది. అడిగినవాడు జవాబు విని తన పని తాను చేసుకుపోవచ్చు. సమ్మతి కావాలన్నప్పుడు మాత్రం 'వద్దు' అనే జవాబుకు ఆగాల్సిందే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంది. దాని నడుమ బతికే చెంచులకు ఈ రెండు మాటల తేడా ఇల్లుంటుందా పోతుందా అన్నంత పెద్దది.

ఇక్కడే నల్లగొండ వాళ్ళు గమనించాల్సింది ఒకటుంది. షెడ్యూల్డు ప్రాంతాల జాబితాలో పాత అచ్చంపేట తాలూకా ఊళ్ళున్నాయి. మన్ననూరు, సార్లపల్లి, అప్పాపూర్ అందులోవే. దేవరకొండ తండాలు లేవు. కాబట్టి పెసా మన్ననూరులో పలుకుతుంది, డిండి వాగు దాటితే పలకదు. అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. అడవి ఉన్న ప్రతిచోటా అది వర్తిస్తుంది. తండా పెద్దలైన నాయక్‌లకు, కారోబారీలకు ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలియక చాలామంది 'మాది ఏజెన్సీ కాదు కదా' అని ముందే వెనక్కి తగ్గుతున్నారు.

అడిగితే చట్టం మారుతుందా అని కొందరు నిట్టూరుస్తారు. మారుతుంది. ఆ 2006 చట్టమే దానికి సాక్ష్యం. 2005 డిసెంబరు 13న పార్లమెంటులో పెట్టిన బిల్లు గిరిజనులకు మాత్రమే వర్తించేది. 1980 అక్టోబరు 25 నాటికి సాగులో ఉండాలంది. కుటుంబానికి రెండున్నర హెక్టార్లు, అంటే ఆరెకరాల చిల్లరతో సరిపెట్టింది. తరువాత అది సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పోయింది. దానికి అధ్యక్షుడు మన తెలుగువాడే, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కిశోర్ చంద్రదేవ్. అడవుల్లో బతికేవాళ్ళ సంఘాలు కమిటీ ముందు తమ గోడు చెప్పుకున్నాయి. చివరికి చట్టమై బయటికి వచ్చేసరికి గడువు తేదీ 2005 డిసెంబరు 13 అయింది. పరిమితి నాలుగు హెక్టార్లయింది. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అడవిని నమ్ముకుని బతుకుతున్న ఇతరులకూ చోటు దొరికింది.

ఆ తేదీ మారడం మనకెంత పెద్ద సంగతో ఆలోచించండి. శ్రీశైలం మునక ఊళ్ళను ఖాళీ చేయించింది 1981లో. నీళ్ళు తరిమితే అడవి అంచుకు చేరి నాలుగు చాళ్ళు దున్నుకున్న గిరిజన కుటుంబానికి, పాత తేదీయే ఉండి ఉంటే, ఆ చట్టం గుమ్మంలోనే తలుపు వేసేది. బిల్లు రాసినవాళ్ళకు దురుద్దేశం ఉందని నేననను. కృష్ణ ఒడ్డున ఏ ఏడు ఏ ఊరు మునిగిందో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు తెలియదు. మునిగినవాళ్ళకే తెలుసు. అందుకే అడగాలి.

ఎప్పుడడగాలన్నది ఇంకో చిక్కు. 2014 ఫిబ్రవరిలో కేంద్రం ఒక విధానం పెట్టుకుంది. ఏ బిల్లు ముసాయిదానైనా కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని. మంచిదే. కానీ ఏ నెలలో 30 రోజులు? ఏ భాషలో? పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ముసాయిదా 2020లో వస్తే, దాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో భూమి రికార్డుల కోసం తెచ్చిన భూభారతి బిల్లు ముసాయిదాను 2024లో వెబ్‌సైటులో పెట్టి సలహాలడిగారు. ముందే అడిగినందుకు దాన్ని మెచ్చుకుంటాను. అయితే సెల్లుకు సిగ్నలే అందని పెంటకు వెబ్‌సైటు ఏ దారిన చేరుతుంది? ఎండాకాలమంతా చెంచులు తేనెకు, జిగురుకు, ఇప్పపువ్వుకు అడవిలోకి పోతారు. అప్పుడు దండోరా వేయిస్తే వినేది కుక్కలూ ముసలివాళ్ళూ. 'సభ పెట్టాం, ఎవరూ రాలేదు' అని రాసుకోవడం తేలిక. రాలేదా, రాలేని రోజు చూసి పెట్టారా?

నియమాల్లో దీనికి మందుంది. అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యుల్లో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. 2012లో సవరించిన నియమం ఇది. సభ మండల కేంద్రంలోనే జరగాలని ఎక్కడా లేదు. సర్వేకెక్కని పాత ఆవాసాన్ని కూడా ఆ చట్టం ఊరుగానే చూస్తుంది. అంటే పెంటలోనే, పెంటవాళ్ళ ముందే సభ పెట్టుకోవచ్చు. ఆఫీసరు నడిచి రావాలి. దూరమైతే ముందురోజే బయల్దేరాలి.

జనం మాటకు బలముంటే ఏమవుతుందో రెండుచోట్ల చూశాం. ఒడిశా నియమగిరిలో బాక్సైటు తవ్వకాలపై 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. 12 పల్లెసభలు జరిగాయి, 12 కూడా వద్దన్నాయి. రెండోది మన గడపలోదే. అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పెంటల్లోని చెంచులు, అమ్రాబాద్ రైతులు, చదువుకుంటున్న పిల్లలు రోడ్డెక్కారు. సెప్టెంబరులో మన శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. నల్లగొండ లంబాపూర్, పెద్దగట్టు తండాల వాళ్ళకు ఇది కొత్త కాదు. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తమ మాట తామే మైకు ముందు గట్టిగా చెప్పారు.

ఇంత జరిగాక కూడా దారి ముందుకే పోతోందనలేను. 2022 జూన్‌లో, అడవి భూమిని వేరే పనులకు ఇచ్చే విషయంలో, అటవీ సంరక్షణ కొత్త నియమాలొచ్చాయి. గ్రామసభ సమ్మతి సంగతి కేంద్రం తుది ఆమోదం ఇచ్చాక రాష్ట్రం చూసుకుంటుందన్నాయి. పెళ్ళి జరిపించేసి పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టుంది ఇది. జాతీయ షెడ్యూల్డు తెగల కమిషన్ అప్పుడే అభ్యంతరం చెప్పింది. మరుసటేడు, 2023లో, ఆ నియమాలకు మూలమైన అటవీ సంరక్షణ చట్టాన్నే సవరించారు. ఆ సవరణ బిల్లును గురించి మన నల్లమలలో ఎన్ని పెంటల్లో ఎవరైనా పోయి చదివి వినిపించారు? నేను తిరిగిన ఒక్క పెంటలోనూ ఆ పేరు విన్నవాళ్ళు దొరకలేదు.

హక్కు పత్రాలు అందలేదని కాదు. 2023 జూన్‌లో రాష్ట్రమంతటా 1.51 లక్షల మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నవాళ్ళను చూశాను. కానీ పోడు పట్టా ఒక భూమి చెక్కకు హక్కు. చెంచుల బతుకు ఒక చెక్కలో ఇమడదు. తేనెగట్టు, గడ్డలు దొరికే వాలు, వాగు, భౌరాపూర్ మల్లన్న గుడి, సలేశ్వరం దారి అన్నీ కలిస్తేనే వాళ్ళ ఇల్లు. ఇలాంటి తెగలకు ఆవాస హక్కు ఉందని అదే చట్టం మూడో సెక్షన్‌లో రాసింది. ఆ ఇంటి హద్దులు ఎక్కడని చెంచులనే అడగాలి. మ్యాపు వాళ్ళ నోటి మాటతో గీయాలి.

కాబట్టి ఇక్కడున్న వకీళ్ళను, టీచర్లను, చదువుకున్న తండా పిల్లలను ఒక్కటి అడుగుతున్నాను. ఇకముందు అడవికో భూమికో సంబంధించిన ముసాయిదా ఏది వచ్చినా, దాన్ని చదివి, తెలుగులో రెండు పేజీలుగా రాసి, పెంటకు మోసుకుపోయి వినిపించేవాళ్ళు కావాలి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, గడువులోపు పంపేవాళ్ళు కావాలి. నిశాని వేసే ముందు అందులో ఏముందో పైకి చదివి వినిపించేవాళ్ళు కావాలి. బయట బల్ల మీద పుస్తకం పెట్టాను. అడవిలో నడవగలిగినవాళ్ళు పేరు, ఊరు రాసి పోండి. జిగురు పని ముగిసి పెంటల్లోకి జనం తిరిగిరాగానే మొదటి తిరుగుడు అప్పాపూర్ దారిలోనే మొదలుపెడదాం.