ముందు నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి

[స్క్రీన్ మీద: చాట్ విండోలో ఒకే మెసేజ్. "అర్జెంట్. సైట్ పనిచేయడం లేదు."]

వెబ్ డెవలపర్లకు అప్పటికప్పుడు టెక్నికల్ సపోర్ట్ ఇచ్చే పని మొదలుపెడితే, మీకొచ్చే మెసేజ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఏ పేజీయో, ఎప్పటినుంచో ఏమీ రాయరు. టెన్షన్‌లో ఉన్నారు కదా, తప్పు పట్టకండి. ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది అని అడగండి. ఆ తర్వాత కాస్త మెత్తగా, "చివరిసారి బాగా పనిచేశాక ఏమైనా మార్చారా?" అనండి. "ఏమీ మార్చలేదండీ" అంటారు. కోడ్ మార్పులు నమోదయ్యే గిట్ లాగ్‌లో చూస్తే నిన్న రాత్రి 11 గంటల కమిట్, అంటే సేవ్ చేసిన మార్పు, కనబడుతుంది!

[స్క్రీన్ మీద: బ్రౌజర్ కన్సోల్, ఎర్రగా కోర్స్ (CORS) ఎర్రర్]

ఇలాంటి కేసు ఒకటి ఊహించుకోండి. ఫారమ్ సబ్మిట్ చేస్తే కోర్స్ ఎర్రర్, అంటే వేరే సర్వర్ ఇచ్చిన జవాబును ఈ సైట్ చదవకుండా బ్రౌజర్ ఆపేస్తోంది. ఫారమ్ డేటా అందుకునే అదే ఏపీఐ, రిక్వెస్ట్‌లు పంపి పరీక్షించే పోస్ట్‌మ్యాన్ అనే యాప్‌లో చక్కగా జవాబిస్తోంది. డెవలపర్ గంటన్నరగా సర్వర్‌లో హెడర్లు (జవాబుతో పాటు వెళ్లే అదనపు సమాచారం) మార్చి మార్చి చూస్తున్నారు. తప్పు హెడర్లదే అన్న ఆ అనుమానం సహజమే. కోర్స్ కాపలా బ్రౌజర్‌ది, పోస్ట్‌మ్యాన్‌కు దానితో పనిలేదు. ఫలానా సైట్ చదవొచ్చు అనే హెడర్ జవాబులో లేకపోతే, ఆ జవాబు వచ్చినా సరే, బ్రౌజర్ దాన్ని జావాస్క్రిప్ట్ చేతికి ఇవ్వదు.

కానీ మీరు కన్సోల్ దగ్గర ఆగిపోవద్దు. బ్రౌజర్ పంపిన రిక్వెస్ట్‌లు, వాటికొచ్చిన జవాబులు కనబడే నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి.

[స్క్రీన్ మీద: నెట్‌వర్క్ ట్యాబ్. ఆప్షన్స్ 204, పోస్ట్ 500]

అసలు రిక్వెస్ట్ పంపొచ్చా అని బ్రౌజర్ ముందస్తుగా అడిగే ఆప్షన్స్ రిక్వెస్ట్ దాటింది, 204 అంటే సరేనని. అసలు పోస్ట్ రిక్వెస్ట్‌కు 500 వచ్చింది. అంటే సర్వర్ కోడే మధ్యలో కూలింది. ఆ ఎర్రర్ జవాబుకు హెడర్ తగలలేదు కాబట్టి బ్రౌజర్ కోర్స్ అని అరుస్తోంది. మరి పోస్ట్‌మ్యాన్‌లో ఎలా వచ్చింది? అక్కడ ఫోన్ నంబర్ నింపి పంపారు, ఫారమ్‌లో అది ఖాళీ. సర్వర్ లాగ్ తెరిస్తే ఏ లైన్‌లో పడిందో ఉంటుంది.

కీబోర్డ్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. స్క్రీన్ షేర్‌లో చూస్తూ మీరు చెప్పండి, వాళ్లు టైప్ చేస్తారు. కాస్త ఆలస్యమే, నిజం. కానీ వాళ్ల లైవ్ సర్వర్‌లో మీ చేత్తో ఏదైనా చెరిగిపోతే ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు. పాస్‌వర్డ్‌లు అడగొద్దు, ఇస్తామన్నా వద్దనండి. పాస్‌వర్డ్‌లు, కీలు దాచే ఎన్‌వ్ (.env) ఫైల్ మూసేశాకే షేర్ మొదలుపెట్టమనండి. పొరపాటున ఏపీఐ కీ (ఏపీఐ వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) కనబడితే, కాల్ అయిన వెంటనే దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోమనాలి.

డబ్బు సంగతి కాల్‌కు ముందే తేల్చుకోండి. అరగంట గడిచినా దారి దొరక్కపోతే ఆ మాట మీరే ముందుగా చెప్పండి. మీటర్ తిరుగుతుంటే మౌనంగా వెతుకుతూ కూర్చోవడం నా దృష్టిలో మోసమే.

కాల్ ముగిశాక నాలుగు లైన్లు రాసి పంపండి.

[స్క్రీన్ మీద, ఒక్కో లైన్ టైప్ అవుతూ:
కారణం: ఫోన్ నంబర్ ఖాళీగా వస్తే సర్వర్ కోడ్ పడిపోతోంది.
మార్చింది: ఖాళీ విలువకు చెక్ పెట్టాం.
వెనక్కి తీసేయాల్సినవి: గంటన్నరలో ప్రయత్నించిన హెడర్ మార్పులన్నీ.
మిగిలింది: ఎర్రర్ జవాబులకు కూడా కోర్స్ హెడర్ తగిలించాలి.]